మొహం చూసి తెరిచే తలుపు

ఇంట్లో పసిపిల్లవాడు అలిగితే మిఠాయి పెట్టి సముదాయించవచ్చు. పెద్దవారు అలిగితే వారికి ఇష్టమైన పులుసు కాచి, రెండుమాట్లు పిలిచి, కంచం ముందు కూచోబెట్టవచ్చు. కాని మర అలిగితే ఏం పెట్టి సముదాయించాలో నాకు చెప్పిన పుణ్యాత్ములు ఇంతవరకు లేరు. అందులోనూ, నిన్నటిదాకా మనని చూడగానే పలకరించి తలుపు తీసిన మర, ఇవాళ "తమరెవరో నాకు తెలియదే!" అన్నదనుకోండి. ఇక దాన్నేం చేసుకుంటాం?

మూడేళ్ల కిందట మా అబ్బాయి డాలస్ నుంచి వచ్చినప్పుడు వాళ్ల నాన్నగారికి ఒక లాప్‌టాపు కొనిపెట్టి వెళ్లాడు. దానికి మూత ఎత్తితే చాలు, పైన ఉన్న చిన్న కన్నుతో మా వారిని చూస్తుంది, చూసి పలకరిస్తుంది, తలుపు తీస్తుంది. ఈ ఏర్పాటుకు విండోస్ హలో అని పేరు. 2015లో విండోస్ 10తోపాటు వచ్చిందట. ఏ కారణం చేతనయినా మొహం ఆనకపోతే, పిన్ అని నాలుగంకెలు ఉంటాయి, అవి కొట్టాలి. ఈ రెండూ అబ్బాయే కుదిర్చి, "నాన్నా, ఇక నీకు ఏమీ గుర్తు పెట్టుకోవలసిన పని లేదు" అని చెప్పి విమానం ఎక్కాడు.

మా వారు నీటిపారుదల శాఖలో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరయ్యారు. ఫైళ్ల మనిషి. కాగితం ఎక్కడ పెట్టారో చీకట్లో కూడా చెప్పగలరు. అటువంటాయన ఒక్క ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఆ మరలోకి ఎక్కించేశారు. పింఛను లెక్కలు, ఇంటిపన్ను రసీదులు, బ్యాంకు డిపాజిట్లు, ఆరోగ్య బీమా, మనమరాలి బారసాల నాటి నుంచి నేటి వరకు ఫొటోలు, అన్నీ అందులోనే. బీరువాలో ఉన్న పాత ఫైళ్లు కట్టలు కట్టి అటకమీదికి పోయాయి. బీరువా ఖాళీ అయింది కదా అని నేను సంతోషించి చీరలు సర్దుకున్నాను.

సరే, రెండేళ్లు సంసారం సజావుగానే సాగింది. 2025 వేసవిలో మొదలయింది పేచీ.

మా వారికి నాలుగున్నరకే మెలకువ. నాకు నిద్రాభంగం అవుతుందని దీపం వెయ్యరు. ఆ చీకట్లోనే మూత ఎత్తి, వార్తలు చదువుకోవడం ఆయన అలవాటు. అంతకు ముందు చీకటయినా సరే, మర ఆయన్ని ఇట్టే పోల్చుకునేది. అటువంటిది ఒక రోజునుంచి పోల్చుకోవడం మానేసింది. ఈయన కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. పంచె చెంగుతో దాని కన్ను తుడిచారు. మొహం కడుక్కుని వచ్చి, తల దువ్వుకుని మరీ కూచున్నారు. పెళ్లిచూపులనాడు కూడా ఆయన ఇంత ముస్తాబు అయినట్లు నాకు జ్ఞాపకం లేదు. అయినా దానికి నచ్చలేదు.

సరే మొహం వద్దు, అంకెలు కొడదామంటే, పది పదిహేను రోజులకొకసారి అదీ మొండికెత్తడం మొదలుపెట్టింది. "ఏదో జరిగింది. మీ పిన్ అందుబాటులో లేదు" అని తెరమీద ఒక వాక్యం. ఏం జరిగిందయ్యా అంటే చెప్పదు. ఏదో జరిగింది, అంతే! మా చిన్నతనంలో ఊళ్లో ఎవరింట్లోనన్నా గొడవ జరిగితే పక్కింటివాళ్లు ఇల్లాగే చెప్పేవారు.

మెయిన్‌రోడ్డు మీద కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడొకడున్నాడు. పిలిస్తే వచ్చాడు. అబ్బాయితో ఫోనులో మాట్లాడి, పాత పిన్ తీసి కొత్త పిన్ పెట్టాడు. మూడువందలు పుచ్చుకున్నాడు. పన్నెండో రోజున మళ్లీ అదే వాక్యం. మళ్లీ వచ్చాడు, మళ్లీ మూడువందలు. మూడోసారి వచ్చినప్పుడు లోపల పిన్ తాలూకు సంగతులుండే అరేదో ఉంటుందట, దాన్ని ఊడ్చి ఖాళీ చేసి, "ఇక రాదు ఆంటీ" అన్నాడు. వాడు రాలేదు గాని, వాక్యం మాత్రం వచ్చింది.

ఇది ఇల్లా సాగుతుండగా డిసెంబరులో మా వారికి కంటిలో శుక్లం తీశారు. ఆపరేషను పదిహేను నిమిషాలు. సాయంత్రానికి నల్ల కళ్లజోడు పెట్టుకుని, సినిమాల్లో అపరాధ పరిశోధకుడిలాగా ఇంటికి వచ్చేశారు. ఆపరేషను డబ్బు ముందు మేము కట్టి, తరవాత బీమా కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. దానికి గడువుంది. పాలసీ కాగితం, పాత పరీక్షల రిపోర్టులు జతచెయ్యాలి. అవన్నీ మరలో ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు నేను మర తెచ్చి ఆయన ముందు పెట్టాను. నల్లకళ్లజోడుతో ఉన్న ఆ మొహాన్ని అది చూసి కూడా చూడనట్లు ఊరుకుంది. జోడు తియ్యడానికి వీల్లేదని డాక్టరుగారు మరీ మరీ చెప్పి పంపారు. పోనీ, ఆయన అంకెలు చెప్పారు, నేను కొట్టాను. "ఏదో జరిగింది."

"పాస్‌వర్డని ఉంటుంది కదండీ, దాంతో తెరవొచ్చేమో?" అన్నాను. వెతికితే తెరమీద ఆ దారే కనిపించలేదు. 'పిన్ మరిచిపోయాను' అని ఒకటి ఉంటే, అది నొక్కాను. పాస్‌వర్డు చెప్పమంది.

"అది అబ్బాయికి తెలుసు" అన్నారు మా వారు.

అప్పుడు డాలస్‌లో తెల్లవారుజాము రెండున్నర. లేపుదామా అంటే, వాళ్ల నాన్నకు ఆపరేషనయిన మర్నాడు అర్ధరాత్రి ఇంటినుంచి ఫోను వస్తే ఆ బిడ్డ గుండె ఏమయిపోతుంది? ఊరుకున్నాం.

ఆ సాయంత్రం దాకా మరను ముందు పెట్టుకుని కూచున్నప్పుడు నాకొక సంగతి తట్టింది. మా ఇల్లు కాకినాడలో ఉంది. మనుషులం ఇక్కడున్నాం, కాగితాలు ఇక్కడున్నాయి. తాళంచెవి మాత్రం డాలస్‌లో ఉంది! తలుపు తెరుచుకునేది ఒక్క మనిషి మొహానికి. ఆ మొహానికి కట్టుకడితే ఇంట్లో ఉన్న రెండో మనిషి వీధిలో నిలబడ్డట్టే. ఇవాళ కట్టు కంటికి గనక సరిపోయింది. అంతకన్న ముందుకు నా ఆలోచనను పోనివ్వలేదు. పోనివ్వకపోయినా అది గుమ్మంలోనే కూచుంది.

ఆరున్నరకు, అంటే వాళ్లకు పొద్దున్న ఏడింటికి, అబ్బాయి లేచి పాస్‌వర్డు చెప్పాడు. దానిమీద వాడి ఫోనుకొక అంకె పోయింది, అదీ చదివి చెప్పాడు. మర తెరుచుకుంది. కాగితాలు ఆ రాత్రే పంపించాను.

ఆదివారంనాడు మా అక్క కూతురు హైదరాబాదు నుంచి బాబాయిని చూడడానికి వచ్చింది. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. పలకరింపులయ్యాక, "పిన్నీ, ఏదీ ఆ రోగిని కూడా చూపించు" అని మర ముందేసుకుంది. ఆ పిల్ల చెప్పిన విధం నాకు నచ్చింది. ముందు రోగం ఏమిటో చెప్పి, తరవాత మందు వేసింది.

"ఇది ఒక రోగం కాదు పిన్నీ, రెండు. మొహంది వేరు, పిన్‌ది వేరు. రెండూ ఒక్క మంచం మీద పడుకుని ఉన్నాయి గనక మీకు ఒకటిలాగా కనిపించాయి" అన్నది.

మొహం సంగతి ఇదట. ఆ కన్నులో నిజానికి రెండు కళ్లుంటాయి. ఒకటి మామూలు కెమేరా. రెండోది మన కంటికి కనిపించని పరారుణ కాంతితో చూసేది. అందుకే చీకట్లో కూడా పోల్చుకునేది. అది ఫొటో తీసి దాచుకోదు, మొహం కొలతలు మాత్రం తీసి ఆ మరలోనే దాచుకుంటుంది. మామూలు ఫొటో చూపిస్తే మోసపోదు. అయితే 2025 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేటుతో, భద్రత మరికాస్త బిగిద్దామని, మామూలు కెమేరాకు కూడా మొహం కనిపించి తీరాలని కట్టడి చేశారు. అంటే దీపం ఉండాలి. మా వారి మొహంలో లోపమేమీ లేదు, గదిలో వెలుతురు లేదు, అంతే!

ఆ పిల్ల గది తలుపులు మూసి, చీకటి చేసి, తన మరమీద చూపించింది. తెరుచుకోలేదు. ట్యూబులైటు వేసింది. వెంటనే తెరుచుకుంది. మా వారు నల్లకళ్లజోడులోనుంచి నావంక చూశారు. అంతకాలం నా నిద్రకోసం ఆయన పడిన పాట్లు తలుచుకుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"డాక్టరు కొత్త జోడు ఇచ్చాక, సెట్టింగులలో అకౌంట్స్‌లోకి వెళ్లి, సైనిన్ ఆప్షన్స్‌లో ఫేస్ అని ఉన్నచోట 'ఇంప్రూవ్ రికగ్నిషన్' నొక్కు బాబాయ్. జోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి చూపించు. రెండూ నేర్చుకుంటుంది" అని కూడా చెప్పింది.

ఇక పిన్ సంగతి. నాకు ఎప్పుడూ ఒక సందేహం ఉండేది. అంత పొడుగు పాస్‌వర్డు కన్న ఈ నాలుగంకెలు ఏం భద్రం అని. అడిగాను.

"పాస్‌వర్డు మీ అకౌంటుది పిన్నీ. అది తెలిస్తే ప్రపంచంలో ఏ మూలనుంచయినా ఎవడయినా లోపలికి రావచ్చు. పిన్ ఈ ఒక్క మరది. ఇంకోచోట చెల్లదు. ఊరందరికీ చెల్లే దస్తావేజు అది, ఈ గుమ్మానికి మాత్రమే ఉన్న గడియ ఇది. ఈ గడియకు కాపలాగా లోపల టీపీఎం అని ఒక చిప్పు ఉంటుంది. దొంగవాడు కూచుని వరసగా అంకెలన్నీ కొట్టిచూద్దామంటే కుదరనివ్వదు. కొన్నిసార్లు తప్పు పోగానే తలుపు బిగించుకుని కూచుంటుంది. విండోస్ 11కి ఈ చిప్పు ఉండి తీరాలని నియమం."

మా మరలో జబ్బు ఆ కాపలావాడిదే. చిప్పు లోపల ఉండే చిన్న ప్రోగ్రాములో లోపం ఉండి, అప్పుడప్పుడు వాడు తను దాచిన రహస్యాన్ని తనే పారేసుకుంటున్నాడు. కుర్రవాడు ప్రతిసారీ కొత్త పిన్ పెట్టడం, కారే ఇంట్లో బిందె పెట్టడం వంటిది. బిందె నిండినప్పుడల్లా పారబోస్తారు, పైన పెంకు మాత్రం అల్లాగే ఉంటుంది. మర తయారుచేసినవాళ్లు ఆ మోడలుకోసం సరిదిద్దిన ప్రోగ్రాము తమ సైటులో పెట్టి ఉంచారు. దాన్ని ఎక్కించాలి.

"ఎక్కించెయ్యి మరి" అన్నారు మా వారు.

"ఆగు బాబాయ్. ముందు 48 అంకెలు కావాలి" అన్నది.

ఇది అన్నిటికన్న ముఖ్యమయిన సంగతి గనక కాస్త నిదానంగా చెపుతాను. ఇప్పుడు వచ్చే లాప్‌టాపులు చాలామట్టుకు లోపలి సరుకంతా రహస్య లిపిలో మార్చి దాస్తాయి. మర దొంగ చేతుల్లో పడ్డా వాడికి అక్షరం ముక్క అర్థం కాదు. అయితే కాపలా చిప్పును కదిలించామంటే, మర బెదిరిపోయి, "నిజమైన యజమానివయితే రికవరీ కీ చెప్పు" అని అడగవచ్చు. అది ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48. అవి లేకపోతే ఇంజనీరు కాదు కదా, బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మరలోని ఫొటోలు, కాగితాలు తీసి ఇవ్వలేడు. సాధారణంగా అవి మన అకౌంటులో దాగి ఉంటాయి. ఆ పిల్ల పాస్‌వర్డుతో అకౌంటులోకి వెళ్లి వాటిని తీసింది.

"ఇవి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఈ మరలోనే దాచుకుంటే, పెట్టెతాళం పెట్టెలో పెట్టి మూసినట్టు."

అప్పుడు నేనన్నాను, "ఆ కాగితం నేను రాస్తాను" అని.

"నీకెందుకోయ్ ఈ తలనొప్పి? నేనుండగా" అన్నారు మా వారు. ఆయన మాటలో కాఠిన్యం ఏమీ లేదు. ముప్ఫయ్యెనిమిదేళ్లుగా బరువయిన సంచీ నా చేతిలోనుంచి అందుకునేటప్పుడు ఎల్లా అంటారో, అల్లాగే అన్నారు.

"మీరుండగానే కావాలండీ" అన్నాను.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా అక్క కూతురు తెరవంక చూస్తూ కూచుంది. మా వారు నల్లజోడు సవరించుకున్నారు. ఆ జోడు వెనక ఆయన కళ్లు ఏమన్నాయో నాకు కనిపించలేదు. కాసేపటికి, "సొరుగులో నీలం అట్ట నోటుబుక్కుంది, తీసుకురా. గీతలున్నది, అంకెలు వంకర పోకుండా ఉంటాయి" అన్నారు.

ఆ పిల్ల చదివింది, నేను రాశాను. ఒక్కొక్క గుంపు అవగానే మా వారు నాచేత తిరిగి చదివించారు. ముప్ఫయ్యేళ్లు లెక్కలు తనిఖీ చేసిన మనిషి కదా! ఎనిమిది గుంపులూ అయాక, కింద తేదీ వెయ్యమన్నారు. తేదీ వేశాను. దాని కింద అకౌంటు పేరు, పాస్‌వర్డు, ఏ ఫోనుకు అంకె వస్తుందో ఆ నంబరు, బ్యాంకువారీగా డిపాజిట్లు, ఆయన చెపుతూ ఉంటే వరసగా రాసుకున్నాను. అడగని వాటిని కూడా చెప్పారు. రెండు పేజీలు నిండాయి.

తరవాత పని చకచకా అయిపోయింది. మధ్యలో కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా బ్యాటరీ నిండా ఉందో లేదో చూసి, ఛార్జరు తగిలించి, కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. పాత పిన్ తీసేసి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. మొన్న పాస్‌వర్డు దారి ఎందుకు కనిపించలేదో కూడా తేల్చింది. సైనిన్ ఆప్షన్స్‌లోనే, విండోస్ హలో తప్ప ఇంకో దారిని రానివ్వవద్దని ఒక మీట ఉంటుంది. అది వేసి ఉంటే పాస్‌వర్డు అడిగే తలుపు మాయమయిపోతుంది. దాన్ని ఆపేసింది. అకౌంటుకు అబ్బాయి ఫోనుతోపాటు నా ఫోను నంబరు కూడా కలిపింది. "ఏ చిన్న పేచీ వచ్చినా ముందు రీస్టార్టు చెయ్యండి. షట్‌డౌన్ చేస్తే చాలా మరలు సగం నిద్రే పోతాయి, పాత చికాకు అల్లాగే ఉంటుంది. రీస్టార్టు చేస్తే తలస్నానం చేసినట్టు" అని ఒక గృహవైద్యం కూడా చెప్పింది.

ఆఖరున, "నువ్వు కూచో పిన్నీ" అని నన్ను మర ముందు కూచోబెట్టింది. ఒకరి అకౌంటులో రెండోవారి మొహం ఇరికించకూడదట. నాకు వేరే అకౌంటు తెరిచింది. నా మొహం, నా పిన్. ఇంటి కాగితాలన్నీ ఇద్దరికీ కనిపించే అరలోకి మార్చింది. "పుట్టిన సంవత్సరం, పెళ్లి సంవత్సరం పెట్టకు. ఎవరు ఫోనుచేసి బ్యాంకువాళ్లమన్నా, కంపెనీవాళ్లమన్నా ఈ అంకెలు చెప్పకు" అన్నది. మూడేళ్లుగా ఆ మరమీద దుమ్ము తుడుస్తున్నాను. దానికి నా మొహం తెలియడం ఆ రోజే.

ఇది జరిగాక ఆ 'ఏదో జరిగింది' మళ్లీ రాలేదు. బీమా డబ్బు వచ్చింది. నీలం అట్ట నోటుబుక్కు బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉంది. చీరలు ఒక అర కిందికి జరిగాయి. పాస్‌వర్డు మార్చినప్పుడల్లా మా వారు పిలిచి, పాతది కొట్టేయించి కొత్తది రాయిస్తున్నారు.

ఇందులో విడ్డూరం ఏముందని మీరనవచ్చు. ఏమీ లేదు. అయితే మీ ఇంట్లోనూ ఇటువంటి మర ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరి మొహం చూసి తెరుచుకుంటుందో, ఆ మొహం కాక ఇంకెవరికి తెరవడం తెలుసో, ఆ 48 అంకెలు ఎక్కడున్నాయో ఒక్కసారి కనుక్కోండి. ఆదివారం భోజనాలయాక, ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నప్పుడు అడగండి. ఇటువంటి మాటలు కులాసాగా ఉన్నప్పుడే అడగడం తేలిక. ఒక నోటుబుక్కు, ఒక కలం దగ్గర పెట్టుకోండి. గీతలున్న నోటుబుక్కయితే మంచిది.